1977 మార్చిలో కేంద్రంలో ప్రభుత్వం మారినప్పుడు జనం స్పందన: సీట్లను బట్టి చెప్పొచ్చా? ఆంధ్రప్రదేశ్ సంగతేంటి?

ప్రశ్న: చరిత్ర_వ్యాసం

1977 లోక్‌సభ ఎన్నికల మీద ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. కేంద్రంలో మొదటిసారి కాంగ్రెసేతర ప్రభుత్వం వచ్చినప్పుడు జనం దాన్ని ఎలా తీసుకున్నారన్నది విషయం. ఎక్కడ చూసినా ఒకే మాట కనిపిస్తోంది: ఉత్తరాది పండగ చేసుకుంది, దక్షిణాది ఇందిరమ్మ వెంటే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 85కి 85 సీట్లూ కాంగ్రెస్ పోగొట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41 గెలిచింది. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ మాట నిజమే అనిపిస్తుంది, కానీ సీట్లు చూసి జనం మనసు ఇదీ అని రాసేయడానికి ధైర్యం చాలడం లేదు.

మూడు విషయాల్లో సాయం కావాలి. ఓట్ల లెక్కలు ఎలా చదవాలి, ఎక్కడ పొరపాటు పడతాం? అప్పటి పత్రికల వార్తలను ఎంతవరకు సాక్ష్యంగా తీసుకోవచ్చు? ‘ఆంధ్రలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు లేవు, అందుకే కోపం లేదు’ అని చాలామంది రాశారు, అది నిజమేనా?

జవాబు: ఓట్ల_లెక్క

మొదటి ప్రశ్నకు చెప్తాను. ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో 1977 గణాంక నివేదిక పీడీఎఫ్‌గా ఉంటుంది. దించుకుని తెరవగానే ఒక చిక్కు ఎదురవుతుంది: పార్టీల పట్టికలో ‘జనతా పార్టీ’ కోసం వెతికితే 295 సీట్ల పార్టీ కనిపించదు. జనతా ఏర్పడింది 1977 జనవరి 23న. సొంత గుర్తు తెచ్చుకునే వ్యవధి లేక చాలా రాష్ట్రాల్లో భారతీయ లోక్‌దళ్ గుర్తు మీద, అంటే చక్రంలో నాగలి మోసే రైతు బొమ్మ మీద పోటీ చేశారు. అందుకే పట్టికలో అవి ‘బీఎల్‌డీ’ కింద ఉంటాయి: 295 సీట్లు, 41.32 శాతం ఓట్లు. ఆవు–దూడ గుర్తు కాంగ్రెస్‌కు 154 సీట్లు, 34.52 శాతం. జగ్జీవన్ రామ్ ఫిబ్రవరి 2న బయటికొచ్చి పెట్టిన కాంగ్రెస్ ఫర్ డెమోక్రసీకి అప్పటి పత్రికలు విడిగా 28 చూపించాయి. మీరు పత్రికల అంకెనూ కమిషన్ అంకెనూ కలిపి కూడితే ఆ 28లో చాలా సీట్లు రెండుసార్లు పడతాయి. ఈ తప్పు అచ్చైన పుస్తకాల్లో కూడా ఉంది. ఏదో ఒక్క మూలాన్నే పట్టుకోండి.

రెండోది శాతాల సంగతి. ఆ 41.32 శాతం చెల్లిన ఓట్లలో శాతం, మొత్తం ఓటర్లలో కాదు. పోలింగ్ 60.49 శాతం. రెండూ గుణిస్తే దేశంలోని ఓటర్లలో జనతాకు వేసింది సుమారు నాలుగో వంతు, కాంగ్రెస్‌కు వేసింది సుమారు ఐదో వంతు. ఓటు వేయనివాళ్లు ఈ రెండిట్లో దేనికన్నా ఎక్కువ. ‘దేశమంతా లేచి నిలబడింది’ అని రాసే ముందు ఈ గుణకారం ఒకసారి చేయండి.

మూడోది, సీట్లు ఓట్లకన్నా ఎన్నో రెట్లు ఊగుతాయి. కాంగ్రెస్‌కు 1971లో 43.68 శాతానికి 352 సీట్లు వచ్చాయి. 1977లో 9 శాతం తగ్గితే 198 సీట్లు పోయాయి. 1980లో 42.69 శాతానికి మళ్లీ 353. 1971లో చీలిపోయిన ప్రతిపక్షం 1977లో ఒక్క అభ్యర్థి వెనక చేరడమే ఇందులో పెద్ద కారణం. అంటే మారిన దాంట్లో కొంత జనం మనసు, కొంత పొత్తు. రెండిటినీ విడదీయకుండా మొత్తం జనాగ్రహం ఖాతాలో వేయకూడదు. ఉత్తరప్రదేశ్ మాత్రం వేరు. అక్కడ జనతాకు సుమారు 68 శాతం, కాంగ్రెస్‌కు 25. పొత్తు లేకపోయినా కాంగ్రెస్ అక్కడ కూలేదే. రాయ్‌బరేలీలో ప్రధాని 55,202 ఓట్ల తేడాతో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారంటే దాన్ని పొత్తు లెక్కతో వివరించలేం.

ఇక ఆంధ్రప్రదేశ్. కాంగ్రెస్‌కు సుమారు 57 శాతం, జనతాకు సుమారు 32. ముఖాముఖి పోటీలో 57–32 అంటే దాదాపు అన్ని సీట్లూ ఒకవైపే పడతాయి. కానీ ముగ్గురిలో ఒకరు పుట్టి రెండు నెలలు కాని పార్టీకి, ఊళ్లలో కార్యకర్తలు లేని పార్టీకి ఓటేశారు. 41–1 అన్న అంకె వెనక ఈ 32 శాతం కనబడకుండా పోయింది. మీ వ్యాసంలో నేను చూడాలనుకునేది అదే.

ఒక హెచ్చరిక. 1971కీ 1977కీ నియోజకవర్గం వారీగా పోల్చకండి. 1971 జనాభా లెక్కల ఆధారంగా చేసిన పునర్విభజన 1976లో అమల్లోకి వచ్చింది. లోక్‌సభ సీట్లు 518 నుంచి 542 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌వి 41 నుంచి 42. పేరు అదే ఉన్నా లోపల మండలాలు, అంటే అప్పటి తాలూకాలు, ఫిర్కాలు మారి ఉండొచ్చు. రాష్ట్రం మొత్తంగా పోల్చండి, లేదా 1977ని 1980తో పోల్చండి, హద్దులు అవే.

జవాబు: పాత_పేపర్లు

పత్రికల విషయం. 1977 మార్చి పత్రికలు చదివేటప్పుడు ముందు తెలుసుకోవాల్సింది ‘సమాచార్’ గురించి. పీటీఐ, యూఎన్ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి అనే నాలుగు వార్తా సంస్థలను 1976లో కలిపి ఒకటే చేశారు. 1978 దాకా అలాగే నడిచింది. కాబట్టి ‘దిల్లీలో జనం టపాసులు కాల్చారు’ అని ఐదు తెలుగు పత్రికల్లో కనిపిస్తే అవి ఐదు సాక్ష్యాలు కావు, ఒకే టెలిప్రింటర్ నుంచి దిగిన ఒకే వార్తకు ఐదు అనువాదాలు. వార్త మొదట్లో ఊరు, తేదీ తర్వాత ఏముందో చూడండి. ‘సమాచార్’ అని ఉంటే ఒక్కసారే లెక్కించండి. ‘మా విలేకరి’, ‘మా ప్రతినిధి’ అని ఉన్నవి వేరుగా రాసుకోండి. మీకు పనికొచ్చేవి రెండో రకమే, అందులోనూ జిల్లా పేజీల్లో చిన్న అక్షరాల్లో పడినవి.

తేదీల వరస కూడా ముఖ్యం. 1975 జూన్ 26 నుంచి ముందస్తు సెన్సార్ ఉంది. 1977 జనవరి 18న ఎన్నికలు ప్రకటించాక సడలించారు. కానీ అభ్యంతరకర ప్రచురణల నిరోధక చట్టం అలాగే ఉంది, ఎమర్జెన్సీ కూడా అధికారికంగా కొనసాగుతూనే ఉంది. అది ఎత్తేసింది ఫలితాలు తెలిశాక, మార్చి 21న. ఇందిర రాజీనామా 22న, మొరార్జీ ప్రమాణ స్వీకారం 24న. ఈ వారం రోజుల్లో పత్రికల గొంతు ఎంత మారిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అయితే దాన్ని జనాభిప్రాయం మారినట్టు చదవకూడదు. మార్చి 15కి ముందు పత్రికల్లో కోపం లేకపోవడానికి కారణం సెన్సార్ భయం. ఏప్రిల్‌లో ఎమర్జెన్సీ అకృత్యాల కథనాలు వెల్లువెత్తడానికి కారణం 19 నెలలుగా ఆగిపోయిన వార్తలన్నీ ఒక్కసారి బయటపడటం. తుర్క్‌మన్ గేట్ కూల్చివేతలు జరిగింది 1976 ఏప్రిల్‌లో, వివరంగా చాలామంది చదివింది 1977లో. సంఘటన తేదీ ఒక గడిలో, అచ్చైన తేదీ ఇంకో గడిలో రాసుకోకపోతే మీ కాలక్రమం మొత్తం తప్పుతుంది.

పాఠకుల ఉత్తరాలు తప్పక చూడండి కానీ వాటి హద్దు తెలుసుకుని. రాసేవాళ్లు ఎక్కువగా పట్టణాల మగవాళ్లు, ఉపాధ్యాయులు, వకీళ్లు, ఉద్యోగులు. కూలీల మాట అక్కడ దొరకదు. ఉత్తరం కింద ఊరి పేరు ఉంటుంది, జిల్లా వారీగా విడదీస్తే కొంత తెలుస్తుంది.

ఎక్కడ దొరుకుతాయంటే, హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ప్రకాశం వైపు వాళ్లకు వేటపాలెం సారస్వత నికేతనం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ముందుగా ఫోన్ చేసి ఆ నెలల బైండు సంపుటాలు ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లండి. ఆ కాలం న్యూస్‌ప్రింట్ మడత దగ్గర విరిగిపోతుంది, పేజీని ఒత్తి జిరాక్స్ తీయనివ్వరు. పైనుంచి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ప్రతి ఫోటోలో పత్రిక పేరు, తేదీ ఉన్న పై అంచు పడేలా చూసుకోండి, లేదంటే ఇంటికెళ్లాక ఏ ముక్క ఏ రోజుదో చెప్పలేరు. జనవరి 18 నుంచి జూన్ చివరి దాకా చదివితేనే ఆశ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పలచబడింది అన్నది అందుతుంది. మార్చి ఆఖరి వారం మాత్రమే చదివినవాళ్లకు పండగే కనిపిస్తుంది.

జవాబు: గోదారి_గట్టు

ఆపరేషన్ల గురించి మీరడిగింది చాలా అవసరమైన ప్రశ్న. ‘ఆంధ్రలో జరగలేదు’ అన్నది తప్పు.

1976–77లో దేశమంతా జరిగిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు సుమారు 82 లక్షలు, అంతకుముందు ఏడాది సుమారు 27 లక్షలు. ఎమర్జెన్సీ అకృత్యాల మీద జనతా ప్రభుత్వం వేసిన షా కమిషన్ నివేదికలో రాష్ట్రాల వారీ పట్టిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు పెట్టిన లక్ష్యం 4 లక్షలు, జరిగినవి 7 లక్షలకు పైన. ఉత్తరప్రదేశ్‌లో 8 లక్షలకు పైన. జనాభాతో పోల్చి చూడండి: 1971 లెక్కల్లో ఉత్తరప్రదేశ్ జనాభా 8.8 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది 4.35 కోట్లు. తలసరిన చూస్తే ఆంధ్రలోనే ఎక్కువ జరిగాయి. కాబట్టి సంఖ్య కోపాన్ని వివరించదు.

వివరించేది పద్ధతి, వేగం. ఉత్తరాదిలో అప్పటిదాకా ఈ కార్యక్రమం అంతంతమాత్రంగా ఉండి ఒక్క ఏడాదిలో అనేక రెట్లు పెంచారు. టీచర్లకు, పట్వారీలకు కోటాలు పెట్టారు, కోటా నిండకపోతే జీతం ఆపారు. పోలీసుల్ని పంపారు. 1976 అక్టోబరులో ముజఫర్‌నగర్‌లో కాల్పులదాకా పోయింది. ముస్లిం బస్తీలు, దళిత వాడల మీద ఒత్తిడి ఎక్కువ పడింది. ఆ రెండు వర్గాలూ అప్పటిదాకా కాంగ్రెస్‌కు గట్టి ఓటర్లు. 85కి 85 పోవడం అక్కడ అర్థమవుతుంది. ఆంధ్రలో శిబిరాల అలవాటు అంతకుముందే కొంత ఉంది. ఇక్కడా కోటాలున్నాయి, ఒత్తిడి ఉంది, దాన్ని లేదనడం ఆ బల్లల మీద పడుకున్నవాళ్లకు అన్యాయం. అయితే అది ఇళ్ల కూల్చివేతలతో, కాల్పులతో ముడిపడి ఊరూరా పాకలేదు.

అరెస్టుల పట్టిక కూడా పక్కన పెట్టుకోండి. మీసా, అంటే విచారణ లేకుండా నిర్బంధించే అంతర్గత భద్రతా చట్టం కింద దేశంలో సుమారు 35 వేల మందిని నిర్బంధించారు. ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 7 వేలు, ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి కాస్త పైన. ఇక్కడ కూడా సంఖ్య తక్కువ అని వదిలేయొద్దు. ఇక్కడ ఎమర్జెన్సీ దెబ్బ పడింది ఎక్కువగా నక్సలైట్ ఉద్యమం మీద, రచయితల మీద, పౌరహక్కుల వాళ్ల మీద. 1975 జూలైలో గిరాయిపల్లి ఎన్‌కౌంటర్, డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఆ కాలంలోనివే. ప్రభుత్వం మారాక ఇక్కడి నుంచి గట్టిగా వచ్చిన డిమాండ్ ఎన్‌కౌంటర్ల మీద విచారణ. పౌరహక్కుల వాళ్ల తార్కుండే కమిటీ వచ్చి చూసింది, తర్వాత జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. ఇది ఓట్ల పట్టికలో కనిపించని స్పందన. ఆంధ్ర మీద మీ భాగంలో దీనికి సగం చోటివ్వాలని నా అభిప్రాయం.

జవాబు: ఓట్ల_లెక్క

గోదారి_గట్టు గారి మాటకు ఒక అంకె. ఆపరేషన్లు 1977–78లో 10 లక్షల లోపుకు పడిపోయాయి. 82 లక్షల నుంచి 10 లోపుకు. ప్రభుత్వ ఒత్తిడి తొలగగానే జనం ఏం చేశారన్నది అంతకన్నా స్పష్టంగా చెప్పే అంకె ఇంకోటి లేదు.

ఇంకో విషయం మరిచిపోయాను. ఆంధ్రలో కాంగ్రెస్ బలం 1977లో పెరిగిందా తగ్గిందా అని ఎవరైనా అడిగితే జాగ్రత్త. 1971లో కాంగ్రెస్‌కు సుమారు 56 శాతం, ప్రత్యేక తెలంగాణ కోరిన తెలంగాణ ప్రజా సమితికి సుమారు 14. సమితి ఆ ఏడాదే సెప్టెంబరులో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కలిపితే 70. ఆ లెక్కన 1977లో 57 అంటే 13 శాతం పోయినట్టే.

జవాబు: ఓరుగల్లు_కోట

పై లెక్కతో నాకు పేచీ ఉంది. సమితి ఓటు కాంగ్రెస్ ఓటు కాదు. 1969 ఉద్యమంలో కాల్పులు చూసిన తెలంగాణ జనం కాంగ్రెస్‌కు వ్యతిరేకంగానే 14 స్థానాల్లో 10 సమితికి ఇచ్చారు. నాయకులు కలిసిపోయినంత మాత్రాన ఓటర్లను కూడికలో వేయలేం. 1972 అసెంబ్లీ ఎన్నికల్లో సమితి నాయకుల్లో చాలామంది కాంగ్రెస్‌లోనే ఉన్నా పార్టీకి వచ్చింది 52 శాతం దగ్గరే, 70 కాదు. కాబట్టి 56 నుంచి 57కి కదల్లేదనాలి.

కదలకపోవడానికి కారణం కూడా ఇక్కడి చరిత్రలోనే ఉంది. 1969 ఉద్యమం, 1972–73 జై ఆంధ్ర, 1973లో దాదాపు ఏడాది రాష్ట్రపతి పాలన. ఆ గొడవల తర్వాత ఆరు సూత్రాల పథకంతో, జలగం వెంగళరావు ప్రభుత్వంతో కొంత కుదురుకుంది. బస్సులు, బడులు సవ్యంగా నడవడమే చాలామందికి పెద్ద ఊరటగా ఉన్న కాలమది. ఇళ్ల స్థలాలు, 20 సూత్రాల పేరుతో జరిగిన పంపకాలు హరిజనవాడల్లో కాంగ్రెస్‌ను నిలబెట్టాయి. ఎదుట ఉన్న జనతాకు గౌతు లచ్చన్న వంటి పెద్ద నాయకులున్నా జిల్లాల్లో యంత్రాంగం లేదు. దక్షిణాదివాళ్లకు స్వేచ్ఛ విలువ తెలియదని కొందరు ఉత్తరాది వ్యాఖ్యాతలు అప్పట్లో అన్నారు. అది అవమానకరమైన మాట, తప్పు మాట. దయచేసి మీ వ్యాసంలోకి రానివ్వకండి.

చరిత్ర_వ్యాసం

అందరికీ ధన్యవాదాలు. 1971 పోలికలో రెండు లెక్కలూ ఇచ్చి తేడా ఎందుకో రాస్తాను. ఇంకొక్కటి: కొత్త ప్రభుత్వం మీద మోజు ఎంతకాలం నిలిచింది? ఆ రోజుల్లో ఇప్పటిలా విరివిగా సర్వేలు లేవు కదా, దేనితో కొలవాలి?

జవాబు: ఓట్ల_లెక్క

దిల్లీలోని పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్ చేసిన జాతీయ సర్వేలు 1967, 1971, 1980 ఎన్నికలవి ఉన్నాయి. మధ్యలో ఉపఎన్నికలు, అసెంబ్లీ ఎన్నికలే కొలబద్ద. వరసగా పెట్టుకోండి.

1977 ఏప్రిల్ 30న తొమ్మిది రాష్ట్రాల అసెంబ్లీలు రద్దు చేశారు. లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ కాంగ్రెస్ ఓడింది కాబట్టి ఆ ప్రభుత్వాలకు జనం మద్దతు లేదన్నది కేంద్రం వాదన. ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లో జనతా 425లో 352 గెలిచింది. కానీ పోలింగ్ మార్చిలో సుమారు 56 శాతం ఉన్నది జూన్‌లో 46కి దిగింది. ఎండలు ఒక కారణమే. అయినా మూడు నెలల్లో పది శాతం మంది ఇంట్లో ఉండిపోయారంటే దాన్ని రాసుకోవాలి.

అక్టోబరు 3న ఇందిరను అరెస్టు చేసి, మర్నాడే కోర్టు వదిలేయడంతో ప్రభుత్వం పరువు పోయింది. అంతకుముందు ఆగస్టులో ఆమె బిహార్‌లోని బెల్చీకి, దళితుల్ని చంపిన ఊరికి, ఏనుగెక్కి వెళ్లారు. 1978 మేలో ఆజంగఢ్ ఉపఎన్నికలో మొహసినా కిద్వాయ్ కాంగ్రెస్ (ఐ), అంటే చీలిక తర్వాత ఇందిర వైపు కాంగ్రెస్, తరఫున గెలిచారు. ఏడాది కింద ఒక్క సీటు రాని రాష్ట్రంలో ఇది. నవంబరులో చిక్‌మగళూరులో ఇందిర 77 వేల పైచిలుకు మెజారిటీతో నెగ్గారు. చాలామంది చిక్‌మగళూరునే మలుపు అంటారు. నా దృష్టిలో ఆజంగఢే ముఖ్యం, ఎందుకంటే చిక్‌మగళూరు 1977లో కూడా కాంగ్రెస్ నిలబెట్టుకున్న నేల.

ఆంధ్రలో 1978 ఫిబ్రవరి అసెంబ్లీ ఎన్నికలు చూడండి. 294లో కాంగ్రెస్ (ఐ) 175, జనతా 60, పాత కాంగ్రెస్ 30. సీట్లు చూసి ‘జనతా పుంజుకుంది, పాత కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది’ అంటారు. ఓట్లు సుమారు 39, 29, 17. రెండు కాంగ్రెస్‌లూ కలిపితే 56. ఏడాది ముందు 57. జనతా 32 నుంచి 29. మధ్యలో జనవరిలో పార్టీ చీలింది, అంతకుముందు నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది, ముఖ్యమంత్రి వెంగళరావు ఒకవైపు, చెన్నారెడ్డి ఇంకోవైపు. ఇంత జరిగినా ఓటు దాదాపు అక్కడే ఉంది.

జవాబు: పాత_పేపర్లు

దానికి తోడు 1978 జనవరి 16న వెయ్యి, ఐదు వేలు, పది వేల నోట్ల రద్దు తర్వాత రెండు వారాల పత్రికలు చూడండి. ఆ నోట్లు సామాన్యుల చేతుల్లో ఉండేవి కావు, బ్యాంకుల ముందు వరసల్లో ఎవరున్నారో విలేకరులు రాశారు. ఉత్తరాలు మాత్రం అప్పటికి ధరల మీద, మంత్రుల కీచులాటల మీద ఎక్కువ. చరణ్ సింగ్–మొరార్జీ తగవు మొదటి పేజీకి ఎక్కిన తేదీలన్నీ ఒక జాబితా రాసుకుని, ఆ పక్కనే పైన చెప్పిన ఉపఎన్నికల తేదీలు పెట్టుకుంటే మీ ప్రశ్నకు కావాల్సిన కాలరేఖ తయారవుతుంది. 1979 జూలై 15 మొరార్జీ రాజీనామా దాకా తీసుకెళ్లండి.